అక్రోటు రంగు

బొగ్గుగనుల ఊరు మాది, పెర్నిక్.
ఏడాదికి పద్నాలుగు రోజులు
మాకూ ఒక సముద్రం ఉండేది.
యూనియన్ చీటీ మీద ముద్ర పడితే
రాత్రి రైలు, తెల్లారేసరికి బుర్గాస్,
అక్కణ్ణించి బస్సు.
కిటికీలోంచి నీలం ముందు ఎవరికి కనబడితే
వాళ్లకి మొదటి ఐస్‌క్రీము.
ఏటా మా తమ్ముడు గ్రోజ్డాన్‌కే కనబడేది.
వాడు కళ్లు మూసుకుని అరిచేవాడని
ఇప్పటికీ నా అనుమానం.

మొదటిరోజు ఇసుకలో
అందరం పిండిముద్దల్లా ఉండేవాళ్లం.
అమ్మ సీసా మూత తీసేది.
పొద్దుతిరుగుడు నూనెలో క్యారెట్ తురుము వేసి
వారం రోజులు కిటికీలో కాగిన నూనె.
ఎండని ఆపేది కాదది,
రమ్మని పిలిచేది.
అటు తిప్పి ఇటు తిప్పి రాసేది మాకు,
పెనం మీది రొట్టెకి రాసినట్టు.

నాన్నకి చొక్కా విప్పాలంటే మొహమాటం.
పాలలాంటి వీపు, దాని మీద నీలం గీతలు,
గనిలో తెగినచోట
బొగ్గు లోపలే ఉండిపోయి మానిన గాట్లు.
"నేను భూమి కింద మనిషిని,
సూర్యుడు నన్ను గుర్తుపట్టడులే" అనేవాడు.
బాగానే గుర్తుపట్టేవాడు.
పొద్దు వాలేసరికి ఉడికిన రొయ్యలా కందిపోయి
మంచం మీద బోర్లా పడుకునేవాడు నాన్న.
అమ్మ గిన్నెడు చల్లటి పెరుగు వీపంతా పులిమేది.
నీలం గీతలు కనబడకుండా పోయేవి.
గదంతా పుల్లటి వాసన,
బయట ఉడికిన మొక్కజొన్న పొత్తులవాడి కేక,
దిండులోకి నాన్న నవ్వు.
ఆ వాసన తగిలితే
ఇప్పటికీ నాకు నిద్ర ముంచుకొస్తుంది.

నాలుగోరోజు నుంచి తోలు ఊడేది.
ఉల్లిపొరలాంటిదాన్ని చిరగకుండా
ఎంత పెద్ద ముక్క లాగితే అంత గెలుపు.
తమ్ముడి భుజమ్మీంచి నేను తీసిన ముక్క
లెక్కల పుస్తకంలో దాచాను.
భిన్నాల పాఠం దగ్గర, చాలాకాలం ఉంది.

సెప్టెంబరు పదిహేను. బడి.
ఎవరెంత నలుపెక్కితే వాళ్లంత గొప్ప.
చెయ్యి పక్కన చెయ్యి పెట్టి కొలుచుకునేవాళ్లం.
ఆ ఏడు గెలిచింది స్నెజానా.
పేరుకి మంచుపిల్ల.
తండ్రి లేడు, యూనియన్ లేదు, చీటీ లేదు,
అయినా మోచేతుల దాకా రాగిరంగు.
"సొజోపోల్‌లో నెల్రోజులున్నాం" అంది.
అలలు ఇంతెత్తు వచ్చాయని
చెయ్యి పైకెత్తి చూపించింది.

ఆ అరచెయ్యి చూశాను నేను.

సముద్రం ఎవరి అరచేతినీ నల్లగా చెయ్యదు.
వాళ్ల పెరట్లో అక్రోటు చెట్టుంది.
పచ్చికాయ తొక్క ఒలిస్తే పట్టే మరక
సబ్బుకి పోదు, ఇసుకకి పోదు,
ఏడ్చినా పోదు.
నోరు మూసుకోవాల్సింది.
పదకొండేళ్లు నాకు. ఆ ఏడు రెండోదాన్ని.
"అరచేతులు చూపించు" అన్నాను.

దాచుకుంటుందనుకున్నాను.
రెండూ చాపింది,
స్కేలు దెబ్బకి చాపినట్టు.
నా వంకే చూస్తూ.

ఇవాళ అదే తీరం. పొత్తులవాడు లేడు,
గొడుగుల కింద అద్దె కుర్చీలు.
మనవరాలు రాలిత్సా వీపుకి క్రీము రాస్తున్నాను.
ట్యూబు మీద యాభై అని అంకె.
నా భుజం మీద కుట్లు చూసిన డాక్టరు
చదివి మరీ కొనమన్నాడు.
చెవుల వెనక, మెడ మీద, కాలివేళ్ల సందుల్లో
తెల్లగా, మందంగా.
"మంచుబొమ్మనైపోయా నానమ్మా" అని
అది కిలకిలా నవ్వింది.

నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

నీళ్లలోకి పరిగెత్తబోయి
ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కొచ్చి
రెండు చేతులూ నా ముందు చాపింది.
"మరి వీటికో?"

అరచేతులు ఎండకి నల్లబడవు.
నాకంటే బాగా ఎవరికి తెలుసు.

అయినా రాశాను.